మహమ్మారి సమయంలో కొత్త పరిష్కారం ఎలా తయారుచేయాలి: కన్సల్టింగ్ కంపెనీల పద్ధతి, మన స్థాయిలో

ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. నర్సింగ్ హోమ్ నడిపేవాళ్లు, చిన్న పరిశ్రమలవాళ్లు, హెల్త్ స్టార్టప్ పెట్టిన కుర్రాళ్లు, హైదరాబాద్‌లో కన్సల్టింగ్ ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లు, అందరిదీ దాదాపు ఒకే ప్రశ్న. కరోనా లాంటిది మళ్లీ వస్తే, పెద్ద కన్సల్టింగ్ కంపెనీలు ప్రభుత్వాలకీ ఆసుపత్రులకీ చేసిపెట్టే పనిని మన దగ్గర మనమే చేసుకోలేమా? చేసుకోవచ్చు. ఎలాగో వరుసగా రాస్తున్నాను.

సిద్ధాంతం ఒక్క పేరాలో ముగిస్తాను. 2020 మార్చి 11న డబ్ల్యూహెచ్ఓ కొవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించాక ప్రతి కన్సల్టింగ్ కంపెనీ తన సొంత చట్రం ఒకటి బయటపెట్టింది. డెలాయిట్ ‘రిస్పాండ్, రికవర్, థ్రైవ్’ అంది, బీసీజీ ‘ఫ్లాటెన్, ఫైట్, ఫ్యూచర్’ అంది, మెకిన్సీ ‘రిజాల్వ్’తో మొదలుపెట్టి ‘రిఫార్మ్’ దాకా ఐదు మెట్లు చెప్పింది. పేర్లు వేరైనా లోపలి వరుస ఒకటే: ముందు ప్రాణం నిలబెట్టు, తర్వాత పని నడిపించు, ఆ తర్వాత పద్ధతి మార్చు. ఈ పేర్లు కంఠతా పట్టాల్సిన అవసరం మీకు లేదు. నేను గట్టిగా నమ్మేది ఒకటే. కష్టకాలంలో ఆలోచనలకు కొరత ఉండదు, ప్రతివాళ్లూ ఏదో ఒకటి చెప్తారు. నాలుగు ప్రయత్నాలను ఒకేసారి నడిపి, వాటిలో మూడింటిని సకాలంలో ఆపగలగడమే అసలు కష్టం. మంచి కన్సల్టెంట్‌కి డబ్బు ఇవ్వాల్సింది అందుకే, మీరు నేర్చుకోవాల్సిందీ అదే.

ముందు ఇవి సిద్ధం చేసుకోండి

- నలుగురి నుంచి ఆరుగురు మనుషులు, మిగతా పనులన్నీ పక్కన పెట్టి వచ్చేవాళ్లు. వాళ్లలో రోజూ రోగిని చూసే నర్సు ఒకరు కచ్చితంగా ఉండాలి. వస్తువు తయారుచేసేవాళ్లో కోడ్ రాసేవాళ్లో ఒకరు, కొనుగోళ్లు చూసేవాళ్లు ఒకరు, అనుమతులూ లెక్కలూ తెలిసినవాళ్లు ఒకరు.
- అదే రోజు సంతకం పెట్టగల మనిషి ఒకరు. ఎంతవరకు ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టవచ్చో ముందే కాగితం మీద రాయించుకోండి.
- ఈ పనికి విడిగా తీసిపెట్టిన డబ్బు. కొద్ది మొత్తమైనా ఫర్వాలేదు, జీతాల ఖాతాతో కలవకూడదు.
- ఒకే ఒక్క ఎక్సెల్ షీట్, అందరికీ కనిపించేది.
- ఈ ప్రయత్నం గెలిచినా ఓడినా తనకేమీ ఒరగని బయటి మనిషి ఒకరు. రిటైరైన డాక్టరో, వేరే ఆసుపత్రి సూపరింటెండెంటో. ‘ఇది ఆపండి’ అని చెప్పడం ఆయన పని.

1. సమస్యను ఒక్క వాక్యంలో, అంకెతో రాయండి

‘ఆక్సిజన్ కొరత ఉంది’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ‘మా 40 పడకల ఆసుపత్రిలో రాత్రి 10 దాటాక సిలిండర్ ఖాళీ అయితే మార్చడానికి 25 నిమిషాలు పడుతోంది, 5 నిమిషాల్లో అయిపోవాలి’ అని రాస్తే అందరికీ ఒకే బొమ్మ కనిపిస్తుంది, పైగా అప్పుడే తెలుస్తుంది మీకు కావాల్సింది కొత్త ప్లాంటు కాదు, రాత్రి షిఫ్టుకి ఇంకో మనిషీ సిలిండర్లు పెట్టే చోట చిన్న మార్పూ అని. ఆ వాక్యం రాయాలంటే ఆఫీసు గదిలో కూర్చుంటే కుదరదు. ఒక పూర్తి షిఫ్టు, వీలైతే రాత్రి షిఫ్టు, వార్డులో కూర్చుని చేతి గడియారంతో లెక్క రాసుకోండి.

జాగ్రత్త: సమస్యలోనే పరిష్కారాన్ని ఇరికించకండి. ‘మాకు ఒక యాప్ కావాలి’ అన్నది సమస్య కాదు. ఈ ఒక్క వాక్యం దగ్గరే చాలా ప్రాజెక్టులు పక్కదారి పడతాయి.

2. కొత్తది కట్టేముందు, ఉన్నదాన్ని మార్చగలరేమో చూడండి

2021 ఏప్రిల్‌లో రెండో వేవ్‌లో ఆక్సిజన్ కోసం జనం ఎంత అల్లాడిపోయారో మనం మర్చిపోలేం. అప్పుడు ఐఐటీ బాంబే, టాటా కన్సల్టింగ్ ఇంజినీర్స్, స్పాన్‌టెక్ ఇంజినీర్స్ కలిసి చేసిన పని చూడండి. గాలి నుంచి నైట్రోజన్ తీసే పీఎస్ఏ యూనిట్లు దేశంలో చాలా ఫ్యాక్టరీల్లో అప్పటికే ఉన్నాయి. ఆ యూనిట్‌లో వాయువులను వేరుచేసే కార్బన్ మాలిక్యులర్ సీవ్ అనే పదార్థాన్ని తీసి, దాని చోట జియోలైట్ అనే ఇంకో పదార్థం పెట్టి, అమరిక కొంచెం మారిస్తే అదే యంత్రం ఆక్సిజన్ ఇస్తుంది. ప్రొఫెసర్ మిలింద్ ఆత్రే ఆధ్వర్యంలో మూడు రోజుల్లో ప్రయోగం పూర్తయింది, 93 నుంచి 96 శాతం స్వచ్ఛత వచ్చింది. కొత్త ప్లాంటుకి ఆర్డర్ పెట్టి ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ రోజుల్లో రోజుకి ఎంతమంది పోయేవాళ్లో!

బ్రిటన్‌లోనూ ఇలాంటిదే జరిగింది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ ఇంజినీర్లూ, మెర్సిడెస్ ఫార్ములా వన్ జట్టూ కలిసి, పేటెంట్ గడువు తీరిన పాత సీప్యాప్ పరికరం (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయపడేది) ఒకదాన్ని విప్పి చూసి, మొదటి మీటింగ్ నుంచి 100 గంటల లోపే తమ మొదటి పరికరం తయారుచేశారు. ఆ తర్వాత డిజైన్ అందరికీ ఉచితంగా ఇచ్చేశారు.

మీరు చేయాల్సింది: మీ ఊళ్లో, 50 కిలోమీటర్ల లోపు ఏ యంత్రాలు, ఏ నైపుణ్యాలు, ఏ వాహనాలు ఖాళీగా ఉన్నాయో జాబితా రాయండి. దర్జీలు, ఐస్ ఫ్యాక్టరీలు, పాల వ్యాన్లు, ఐటీఐ వర్క్‌షాపులు, అన్నీ రాయండి.

జాగ్రత్త: వైద్యానికి వాడే వస్తువు విషయంలో ‘దాదాపు అలాంటిదే’ అంటే సరిపోదు. పీఎస్ఏ ఆక్సిజన్‌కి 93 శాతం, మూడు శాతం అటూ ఇటూ అన్న ప్రమాణం ఉంది. స్వచ్ఛత, తేమ, నూనె ఆవిరి పరీక్షించకుండా రోగికి పెట్టకూడదు. మామూలు మెకానిక్‌తో ఈ మార్పు చేయించే సాహసం అసలే వద్దు.

3. ఏం కావాలో రాయండి, ఆ కాగితానికి తేదీ వేయండి

మూడు గళ్లు చాలు: తప్పనిసరి, ఉంటే మంచిది, వద్దు. మూడో గడిని చాలామంది వదిలేస్తారు, కానీ పనిని చిన్నగా ఉంచేది అదే.

2020 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం ‘త్వరగా తయారుచేయగల వెంటిలేటర్’ అని కనీస లక్షణాల జాబితా ఇచ్చింది. కొద్ది గంటలు రోగిని నిలబెట్టగలిగితే చాలన్నట్టు ఉండేది మొదట్లో. కొవిడ్ రోగులను రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుందని, వాళ్ల ఊపిరితిత్తులకు యంత్రం ఇంకా సున్నితంగా పనిచేయాలని డాక్టర్లకు అర్థమయ్యే కొద్దీ ఆ జాబితా మారింది. అంతకుముందే సాదా డిజైన్‌తో ముందుకెళ్లిపోయినవాళ్ల శ్రమంతా వృథా అయింది. రెడ్ బుల్, రెనో ఫార్ములా వన్ జట్లు కలిసి చేసిన ‘బ్లూస్కై’ యంత్రం అలా ఆగిపోయినవాటిలో ఒకటి.

కొత్త జబ్బు గురించి మొదటి నెలలో డాక్టర్లకే పూర్తిగా తెలియదు, కాబట్టి జాబితా మారుతుంది, ఆ మార్పుకి ముందే సిద్ధపడండి. కాగితం మీద వెర్షన్ నంబరు వేయండి, ఏ డాక్టరు ఒప్పుకున్నారో రాయండి, వారానికి ఒకసారి మాత్రమే మార్చడానికి వీలివ్వండి. రోజూ మారిస్తే తయారుచేసేవాళ్లు పిచ్చెక్కిపోతారు, అసలు మార్చనంటే పనికిరాని వస్తువు చేతికొస్తుంది.

4. ఒకే దారి పట్టుకోకండి, రెండు మూడు ఒకేసారి నడపండి

ఆ వెంటిలేటర్ పనిని బ్రిటన్ కేబినెట్ ఆఫీస్ తరఫున దగ్గరుండి నడిపింది పీఏ కన్సల్టింగ్ అనే కంపెనీ. వాళ్లు ఒక్క డిజైన్ మీదే పందెం కాయలేదు. అప్పటికే అమ్ముడవుతున్న స్మిత్స్ కంపెనీ వెంటిలేటర్ పారాప్యాక్‌ను ఎక్కువ సంఖ్యలో చేయించడం ఒక దారి, అబింగ్డన్‌లోని పెన్లన్ కంపెనీకి ఉన్న అనస్థీషియా పరికరాల అనుభవంతో ఈఎస్ఓ 2 అనే యంత్రం చేయించడం ఇంకో దారి, వాక్యూమ్ క్లీనర్లు చేసే డైసన్ లాంటివాళ్లతో పూర్తిగా కొత్త డిజైన్లు చేయించడం మూడో దారి. పరీక్షలు జరుగుతున్న కొద్దీ వెనకబడినవాటిని ఆపుతూ వచ్చారు. మొదటి రెండు దారుల మీద పనిచేసిన కంపెనీల కూటమి ఒక్కటే జులై మొదటికల్లా 13 వేలకు పైగా వెంటిలేటర్లు ఇచ్చింది. డైసన్ యంత్రం అవసరం లేదని ఏప్రిల్ 24న తేలింది. అప్పటికి ఆ కంపెనీ సొంత డబ్బు 2 కోట్ల పౌండ్ల దాకా ఖర్చు పెట్టింది.

గెలిచినవన్నీ పాత పునాది ఉన్నవే అని గమనించారా? అందుకే నా లెక్క ఇది. మీ చేతిలో పది రూపాయలుంటే ఆరు, ఉన్నదాన్ని పెంచడానికి పెట్టండి, మూడు, ఉన్నదాన్ని మార్చడానికి పెట్టండి, ఒక్కటి మాత్రం పూర్తిగా కొత్తదానికి పెట్టండి. ఆ ఒక్క రూపాయి కూడా అవసరమే. ఈ జబ్బుకి పాత యంత్రమేదీ పనికిరాదని తేలిన రోజున మీ చేతిలో ఉండేది అదొక్కటే.

5. ఎప్పుడు ఆపాలో, మొదలుపెట్టే రోజే రాయండి

ఈ మెట్టు దాటేయకండి. మిగతావన్నీ సగం సగం చేసినా ఇది మాత్రం పూర్తిగా చేయండి.

ప్రతి దారికీ ఇలా నాలుగు విషయాలు రాయాలి: తేదీ, అంకె, నిర్ణయించే మనిషి, ఆపితే ఆ జట్టు ఎక్కడికి వెళ్తుంది. ఉదాహరణకి: ‘జూన్ 10 సాయంత్రానికి ఈ పరికరం 48 గంటలు ఆగకుండా నడవకపోతే ఆపేస్తాం. చెప్పేది డాక్టర్ గారు. జట్టులో ఇద్దరు పారాప్యాక్ సర్వీసింగ్‌కి, ఒకరు స్టోర్స్‌కి వెళ్తారు.’ చివరి వాక్యం చాలా ముఖ్యం. తర్వాత తన పని ఏమిటో తెలియని మనిషి, ఆగిపోవాల్సిన పనిని వదలడు. అది స్వార్థం కాదు, భయం.

ఆపే షరతు లేకపోతే ఏమవుతుంది? ‘ఇంకొక్క వారం’ అంటారు. అన్నవాళ్లు నిజాయితీగానే అంటారు, కష్టపడ్డారు కదా. అలా నాలుగు వారాలు గడుస్తాయి, ఆలోపు వేవ్ వచ్చి వెళ్లిపోతుంది. అందుకే గడువు ఒక్కసారే పొడిగించవచ్చు, అది కూడా బయటి మనిషి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అని నియమం పెట్టుకోండి.

బ్రిటన్‌లోనే కాంటాక్ట్ ట్రేసింగ్ యాప్ (రోగికి దగ్గరగా వచ్చినవాళ్లను ఫోన్ల ద్వారా కనిపెట్టేది) కథ చూడండి. 2020 మే మొదట్లో ఐల్ ఆఫ్ వైట్ దీవిలో పరీక్షకు పెట్టారు. దగ్గర్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో నాలుగింట మూడు వంతుల్ని గుర్తించింది కానీ ఐఫోన్లలో 4 శాతాన్నే గుర్తించగలిగింది. జూన్ 18న దాన్ని పక్కనపెట్టి ఆపిల్, గూగుల్ పద్ధతికి మారిపోయారు. దేశమంతటికీ ఇచ్చేముందు ఒక చిన్న దీవిలో పెట్టి చూడటం మంచి పని, ఆపడం ఇంకా మంచి పని. కాకపోతే ‘ఐఫోన్లలో ఇంత శాతం రాకపోతే ఆపేస్తాం’ అని తయారీ మొదటి వారంలోనే రాసుకుని, పది ఫోన్లు బల్ల మీద పెట్టి చూసి ఉంటే ఎన్నో వారాలు మిగిలేవి. ఆపిల్ ఫోన్లలో ఆ పద్ధతి కష్టమని నిపుణులు అప్పటికే చెప్తూనే ఉన్నారు.

ఆపిన రోజు ఏం చేయాలి? ఆ జట్టుని పిలిచి ఎదురుగా చెప్పండి, వాట్సాప్‌లో కాదు. ఏం నేర్చుకున్నారో ఒక పేజీ రాయించండి. తప్పు ఎవరిదన్న మాట ఎత్తకండి, ఎత్తితే ఇకముందు ఎవరూ చెడు కబురు మీ దాకా తీసుకురారు.

6. వాడే మనిషి చేతిలో పెట్టి, మీరు నోరు మూసుకుని చూడండి

అమెరికాలో టీకాల అపాయింట్‌మెంట్ల కోసం అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 4 కోట్ల 40 లక్షల డాలర్ల కాంట్రాక్టుతో డెలాయిట్ చేత ‘వ్యామ్స్’ అనే వ్యవస్థ చేయించింది. అపాయింట్‌మెంట్లు వాటంతట అవే రద్దవడం, నమోదు దగ్గర ఆగిపోవడం, పెద్దవాళ్లు లాగిన్ కాలేకపోవడం, ఇలా ఫిర్యాదుల మీద ఫిర్యాదులు వచ్చి చాలా రాష్ట్రాలు ఉచితంగా ఇస్తున్నా వద్దని వేరే దారి చూసుకున్నాయి.

మన కోవిన్ సంగతీ గుర్తుంచుకోండి. 2021 మే 1 నుంచి 18 నుంచి 44 ఏళ్లవాళ్లకు ఆన్‌లైన్ నమోదు తప్పనిసరి చేశారు, పోర్టల్ అప్పటికి ఇంగ్లిష్‌లోనే ఉంది. నగరాల కుర్రాళ్లు పల్లె కేంద్రాల్లో స్లాట్లు పట్టుకుని కార్లలో వెళ్లి వేయించుకున్నారు, ఆ పల్లెవాళ్లు మాత్రం చూస్తూ ఉండిపోయారు. మే నెలాఖరుకి ప్రభుత్వ కేంద్రాల్లో నేరుగా వెళ్లేందుకు వీలు కల్పించారు, జూన్‌లో తెలుగుతో సహా ప్రాంతీయ భాషలు వచ్చాయి. అదే కోవిన్ మీద అక్టోబర్ 21కి 100 కోట్ల డోసులు నమోదయ్యాయి. వ్యవస్థ గట్టిదే, కానీ మొదటి నెలలో తలుపు కొందరికే తెరుచుకుంది, నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం అది.

మీరు ఐదుగురితో పరీక్షించండి: 65 దాటిన పెద్దావిడ, బటన్ ఫోన్ వాడే మనిషి, తెలుగు మాత్రమే చదివేవాళ్లు, రాత్రి డ్యూటీ నర్సు, పీపీఈ కిట్‌లో రెండు జతల గ్లౌజులు వేసుకున్న వార్డు బాయ్. గ్లౌజులతో టచ్ స్క్రీన్ పనిచేస్తుందో లేదో ఆఫీసులో ఎవరికీ తట్టదు. వాళ్లు తడబడితే సాయం చేయకండి, ఎక్కడ ఆగారో రాసుకోండి.

7. అనుమతుల పని మొదటి రోజే మొదలుపెట్టండి

వస్తువు తయారయ్యాక అనుమతి అడుగుదాం అనుకుంటే అక్కడే ఆగిపోతారు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ డ్రగ్స్ చట్టం పరిధిలోకి వచ్చాయి కాబట్టి మొదటి వారంలోనే రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ కార్యాలయాన్ని కలవండి. ఫోన్‌లో వైద్యం చెప్పించాలనుకుంటే 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు చదవండి, ఏ మందులు ఫోన్ మీద రాయకూడదో అందులో స్పష్టంగా ఉంది. పరికరాల తయారీ అయితే విశాఖలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌లో పరీక్షా సదుపాయాలున్నాయి, అడగండి.

8. పెంచేటప్పుడు విడిభాగాల జాబితా ముందు

పెన్లన్, స్మిత్స్ కలిపి మామూలు రోజుల్లో వారానికి 50, 60 యంత్రాలు చేసేవి, కూటమి ఆ సంఖ్యను రోజుకి 400 దాటించింది. ఎయిర్‌బస్, ఫోర్డ్, మెక్‌లారెన్ లాంటి కంపెనీలు కలిసొచ్చి విడిభాగాల వేట మీద కూర్చున్నాయి కాబట్టే అది సాధ్యమైంది. మీ షీట్‌లో ప్రతి భాగానికీ రెండో సరఫరాదారు పేరు ఉండాలి. ఒక్క వాల్వ్ ఒక్క దేశం నుంచే వస్తుంటే, అది ఆగిన రోజే మీ పనీ ఆగుతుంది.

9. బయటి కన్సల్టెంట్‌ని పెట్టుకుంటే

బ్రిటన్‌లో కొవిడ్ పరీక్షలు, రోగుల కాంటాక్టుల వెతుకులాట చూసిన టెస్ట్ అండ్ ట్రేస్ కార్యక్రమంలో 2021 ఫిబ్రవరి నాటికి కూడా దాదాపు 2,500 మంది కన్సల్టెంట్లు ఉన్నారు, ఒక్కొక్కరికి రోజుకి సగటున 1,100 పౌండ్లు. అక్కడి పార్లమెంటు కమిటీ గట్టిగానే తప్పుపట్టింది. అత్యవసరంలో తెచ్చుకోవడం తప్పు కాదు, పంపించే తేదీ లేకుండా తెచ్చుకోవడమే తప్పు. ఒప్పందంలో మూడు విషయాలు రాయించుకోండి: ఏ తేదీకి వెళ్లిపోతారు, మీ మనుషుల్లో ఎవరికి పని నేర్పి వెళ్తారు, కోడ్, డేటా ఎవరివి. స్లైడ్ల సంఖ్యకి డబ్బు ఇవ్వకండి.

ఫలితం వచ్చిందో లేదో ఎలా చూడాలి

మొదటి మెట్టులో రాసిన అంకె దగ్గరికి వెళ్లండి. 25 నిమిషాలు 5 అయ్యాయా? డ్యాష్‌బోర్డ్ చెప్పేది నమ్మకుండా రెండు రోజులు చేత్తో లెక్కించండి, ఒకటి ఆదివారం అయ్యుండాలి. 2021 సెప్టెంబర్‌లో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపే ప్రయోగం మొదలైంది. అలాంటిదాన్ని కొలవాలంటే ఎన్నిసార్లు ఎగిరిందని లెక్కపెడితే సరిపోదు. టీకా సరైన ఉష్ణోగ్రతలో చేరిందా, రోడ్డు మీద కంటే ముందు చేరిందా, చేరాక అక్కడ వేసే మనిషి ఉన్నారా, ఈ మూడూ చూడాలి.

ఇంకో పరీక్ష ఉంది. ఎవరూ గుర్తుచేయకుండా వారం రోజులు వదిలేసి వెళ్లి చూడండి. జనం పాత రిజిస్టర్‌కే తిరిగి వెళ్లిపోయి ఉంటే మీ పరిష్కారం వాళ్లకి అదనపు బరువైందని అర్థం. అలాగే ఈ పని వల్ల పక్కన ఏం దెబ్బతిందో కూడా అడగండి. డయాలసిస్ రోగుల వంతు వెనక్కి పోయిందా, కాన్పుల వార్డు నుంచి నర్సులను లాగేశారా?

ఎక్కువమంది చేసే తప్పులు

నిర్ణయాలు వాట్సాప్ గ్రూపులో తీసుకోవడం. మూడు రోజుల తర్వాత ఎవరు ఏం ఒప్పుకున్నారో ఎవరికీ గుర్తుండదు. నిర్ణయం షీట్‌లోకి ఎక్కకపోతే అది నిర్ణయం కాదని చెప్పేయండి.

హ్యాకథాన్ పెట్టి బహుమతులిచ్చి ఫొటోలు దిగి వదిలేయడం. గెలిచిన జట్టుకి మర్నాడు గది, డబ్బు, వార్డులోకి వెళ్లే పాస్ ఇవ్వలేకపోతే హ్యాకథాన్ పెట్టకండి, పిల్లల ఉత్సాహం పాడవుతుంది.

నర్సుని మీటింగ్‌కి పిలిచి మాట్లాడనివ్వకపోవడం. పెద్ద డాక్టర్లు ఎదురుగా ఉంటే చాలామంది మాట్లాడరు. మీటింగ్ మొదట్లోనే ఆవిడని అడగండి, లేదా విడిగా కూర్చోబెట్టుకుని ‘సిస్టర్, మీకు దీంట్లో ఏది ఇబ్బంది?’ అని అడగండి.

వేరే రాష్ట్రంలో పనిచేసిందని యథాతథంగా తెచ్చేయడం. వాళ్లకి 24 గంటల కరెంటు ఉండి మీకు లేకపోతే ఆ యంత్రం మూలన పడుతుంది.

మనుషులు అలిసిపోతున్నారని గమనించకపోవడం. మొదటి నెల అందరూ పట్టుదలగా చేస్తారు, రెండో నెలలో టెన్షన్, నిద్రలేమి తప్పులు చేయిస్తాయి. వారానికి ఒక పూర్తి సెలవు బలవంతంగానైనా ఇవ్వండి.

ఇంత జట్టు లేకపోతే

పది పడకల ఆసుపత్రిలో ఇద్దరే ఉన్నారనుకోండి, 1, 2, 5, 6 మెట్లు చేయండి చాలు. ఒక రాత్రి షిఫ్టు చూసి సమస్య రాయండి, ఊళ్లో ఉన్నదాంతో ఏం మార్చగలరో చూడండి, ఆపే తేదీ గోడ మీద అంటించండి, ఐదుగురి చేత వాడించండి. బయటి మనిషిగా పక్క ఊరి ఆసుపత్రిలో మీకు తెలిసిన డాక్టర్‌ని పెట్టుకోండి, వారానికి ఒక్క ఫోన్ చాలు. మహమ్మారి వచ్చేదాకా ఆగకుండా ఈ వర్షాకాలం డెంగీ సీజన్‌లోనే ఒక చిన్న సమస్య మీద ఈ నాలుగూ చేసి చూడండి.